వందకు ఫోన్ చేయాలా, స్టేషన్‌కు వెళ్లాలా?

పేరు వేయొద్దని కోరుతూ, కావలి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 41. భర్త చెన్నైలో ఉద్యోగం చేస్తూ నెలకు రెండుసార్లు వచ్చిపోతుంటారు. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు, ఇంటర్ చదివే కూతురు. ఏడాదిలోపు మూడు సంగతులు జరిగాయి. మూడింట్లోనూ తాను తప్పే చేశానని ఆమె బాధ.

ఒక రాత్రి ఒకటిన్నరకు ఇద్దరు ప్రహరీ దూకి, వెనక తలుపు గడియ కదిలించారు. ఆమె క్యాలెండర్ మీద రాసిపెట్టుకున్న స్టేషన్ నంబరుకు నాలుగుసార్లు చేశారు. ఎవరూ ఎత్తలేదు. భర్తకు చెబితే ఆయన చెన్నైలోనే ఉండి 100 కొట్టారు. కాల్ అక్కడివాళ్లకే పోయింది. ఊరు, మండలం, జిల్లా విడమరిచి చెప్పేసరికి పావుగంట. ఈలోపు వచ్చినవాళ్లు పెరట్లో బోరు మోటారు వైరు కోసుకుని వెళ్లిపోయారు. రెండోది ఎదురు వరస ఇంట్లో. ఒకతను తాగొచ్చి భార్యను కొడుతుంటే అరుపులు ఇంటిదాకా వినిపించాయి. "మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు" అని అత్తగారు ఆపారు. తెల్లారి చూస్తే ఆ అమ్మాయి చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉంది. మూడోసారి పొద్దున లేచేసరికి వాకిట్లో స్కూటీ లేదు. ఈసారి ఆలస్యం చేయకూడదని వెంటనే అత్యవసర నంబరు 112 కొట్టారు. ముప్పావుగంటకు వచ్చిన కానిస్టేబుల్ "దీనికి స్టేషన్‌కొచ్చి కాగితం రాసివ్వాలమ్మా, బండిని ఇంతదూరం రప్పిస్తారా" అని విసుక్కున్నారు.

ఆమె ప్రశ్నలు ఇవి. దేనికి ఏ నంబరు? పిలిచాక ఏమీ లేదని తేలితే నా మీదే కేసు పెడతారా? పక్కింటి విషయం చెబితే నా పేరు బయటపడుతుందా?

అమ్మా,

చిన్న నేరానికి స్టేషన్, పెద్ద నేరానికి 112 అన్న లెక్క మీ మనసులో ఉన్నట్టుంది. చాలామందిలో ఉన్నదే. ముందు దాన్ని పక్కన పెట్టండి. తిరుపతి వెళ్లొచ్చేసరికి బీరువాలో పది సవర్ల బంగారం పోయిందనుకోండి. అది పెద్ద నేరమే, కానీ దొంగ ఎప్పుడో వెళ్లిపోయాడు. అరగంట అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. తాగినవాడొకడు రెండు వందల కోసం కత్తి పట్టుకుని మీ వాకిట్లో నిలబడ్డాడు. అక్కడ డబ్బు చిన్నదే గానీ ప్రతి నిమిషమూ లెక్కే. అందుకని వేసుకోవాల్సిన ప్రశ్నలు మూడే. ఇప్పుడు జరుగుతోందా? ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉందా? చేసినవాడు ఇంకా దగ్గర్లోనే ఉన్నాడా? ఒక్కదానికి అవునన్నా 112.

ఆ బంగారం ఉదాహరణలోనూ ఒక మెలిక ఉంది. ఊరి నుంచి వచ్చి తలుపు పగిలి ఉండటం చూశారు, లోపల అలికిడి వినిపించింది. అప్పుడు లోపలికి అడుగు పెట్టొద్దు. వీధిలోకి వచ్చి 112 కొట్టండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు.

ఎటూ తేలకపోతే 112కే చేయండి. ఇది అత్యవసరం కాదనుకుంటే కాల్ తీసుకున్నవాళ్లే స్టేషన్‌కు వెళ్లమని చెబుతారు, ఒక నిమిషం పోతుంది. ప్రాణం మీదికొచ్చిన విషయాన్ని తీసుకెళ్లి మోగుతూ ఉండే ల్యాండ్‌లైన్‌కు చెప్పబోతే ఆ పోయిన నిమిషాలు తిరిగి రావు. మన దగ్గర 100 కొట్టినా కాల్ కంట్రోల్ రూమ్‌కే పోతుంది. అలవాటు కొద్దీ వంద కొట్టానని కంగారు పడక్కర్లేదు.

ఆ రాత్రి స్టేషన్ ఫోన్ ఎందుకు ఎత్తలేదో తెలిస్తే మీ కోపం కొంత తగ్గుతుంది, ఇకపైన ఏం చేయాలో కూడా తెలుస్తుంది. పల్లెటూరి స్టేషన్‌లో రాత్రిపూట ఉండేది కొద్దిమంది. కాపలాకు సెంట్రీ ఒకరు, కాగితాలు రాసే రైటర్ ఒకరు, మిగతావాళ్లు రోడ్డు మీద గస్తీలో ఉంటారు. ల్యాండ్‌లైన్ ఒక గదిలో ఉంటుంది, సెంట్రీ గేటు దగ్గర ఉంటాడు. ఎస్‌ఐ గారి మొబైల్ ఉన్నా ఆయన ఆ పూట తిరునాళ్ల బందోబస్తులోనో, హైవే మీద ప్రమాదం దగ్గరో ఉండొచ్చు. 112 గదిలో మాత్రం ఫోన్ ఎత్తడమే పనిగా మనుషులు పగలూ రాత్రీ కూర్చుని ఉంటారు. మీ కాల్‌కు ఒక నంబరు వేసి, దగ్గర్లో ఏ బండి ఉందో చూసి దానికి అప్పజెబుతారు. ఆ బండి మీ స్టేషన్‌దే కావచ్చు. అంటే మీరు స్టేషన్‌ను కాదని పైవాళ్లకు చెప్పినట్టు ఏమీ కాదు. స్టేషన్‌ను కదిలించే దగ్గరి దారి అదే.

మీవారు చేసిన కాల్ దారి తప్పింది ఇందుకే. 100 అయినా 112 అయినా, కాల్ మనం ఏ ఊళ్లో ఉండి చేస్తే అక్కడి కంట్రోల్ రూమ్‌కే పోతుంది. చెన్నైలో కొడితే తమిళనాడు, హైదరాబాదులో కొడితే తెలంగాణ. సిమ్ నెల్లూరుదైనా అంతే. కాబట్టి ఇంట్లో ఉన్న మీరే 112 కొట్టాలి, ముందు కొట్టాలి, భర్తకు తర్వాత చెప్పాలి. దూరాన ఉన్న ఆయన చేయగలిగింది వేరే ఉంది. మీ స్టేషన్ నంబరు, ఎస్‌ఐ ప్రభుత్వ మొబైల్ నంబరు, నెల్లూరు జిల్లా పోలీసు కంట్రోల్ రూమ్ పూర్తి నంబరు ఎస్‌టీడీ కోడ్‌తో సహా ఆయన ఫోన్‌లో ఉండాలి. మీరు 112తో మాట్లాడుతుండగా ఆయన అటు నుంచి వాటికి చేస్తూ ఉంటారు. మీరు క్యాలెండర్ మీద రాసుకున్న నంబరు పనికిరానిదేమీ కాదు, అది ఉండాల్సిన చోటు ఆయన ఫోను. ఈ నంబర్లు పగటిపూట స్టేషన్‌కు వెళ్లి అడిగితే ఇస్తారు. ఏడాదికోసారి సరిచూసుకోండి, బదిలీలప్పుడు మనుషులు మారినా ప్రభుత్వ మొబైల్ నంబరు సాధారణంగా ఆ సీటుకే ఉంటుంది.

ఇక ఫోన్‌లో ఏం చెప్పాలి. భయంలో ఉన్నవాళ్లు మొదట "సార్, కాపాడండి" అంటారు, తర్వాత కథంతా మొదలుపెడతారు. అడ్రసు చివరికి మిగులుతుంది. ఈలోపు కాల్ కట్టయితే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. టవర్‌ను బట్టి వాళ్లకు కనిపించే చోటు పట్నంలో అయితే కాస్త దగ్గరగా ఉంటుంది. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో ఊళ్లకు ఊళ్లే తేడా రావచ్చు. అందుకే మొదటి మాట ఊరే. "కావలి మండలం, ఫలానా ఊరు, హైవే నుంచి లోపలికి వస్తే రామాలయం దాటాక ఎడమ చేతి సిమెంటు రోడ్డు, నీళ్ల ట్యాంకు పక్క సందు, మూడో ఇల్లు, ఆకుపచ్చ గేటు." ఆ తర్వాత "ఇద్దరు మగవాళ్లు వెనక తలుపు తీస్తున్నారు, లోపల ముగ్గురం ఆడవాళ్లం." చేతిలో ఏమన్నా ఉన్నాయా, ఎవరికన్నా దెబ్బ తగిలిందా అన్నది మూడో మాట. పేరు ఆఖరున చెప్పినా ఫర్వాలేదు. వాళ్లు వరసగా ప్రశ్నలు అడుగుతుంటే బండి పంపకుండా కాలయాపన చేస్తున్నారని అనుకోవద్దు. మీరు జవాబు చెబుతుండగానే సమాచారం అటువైపు వెళ్తూ ఉంటుంది. కట్ చేయమనేదాకా లైన్‌లో ఉండండి. తర్వాత వచ్చే కాల్ బండిలోని వాళ్లదే కావచ్చు. ఫోన్ సైలెంట్‌లో కాదు, వైబ్రేషన్‌లో పెట్టుకోండి. పైన రాసిన అడ్రసు మాటలు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకో, కరెంటు మీటరు పక్కనో అంటించండి. చీకట్లో మీ అమ్మాయి మాట్లాడాల్సి వచ్చినా చూసి చదువుతుంది.

ఫోన్‌లో బ్యాలెన్స్ లేకపోయినా, తాళం తీయకపోయినా 112 కొట్టొచ్చు. తాళం తెర మీదే ఎమర్జెన్సీ అన్న మాట కనిపిస్తుంది. అత్తగారి చిన్న ఫోన్‌లో 5 గానీ 9 గానీ నొక్కిపట్టి ఉంచితే కాల్ పోతుంది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ గబగబా మూడుసార్లు నొక్కాలి. కొన్ని మోడళ్లలో అయిదుసార్లు అని ఉంటుంది, సెట్టింగుల్లో ఎమర్జెన్సీ భాగం తెరిచి చూసుకోండి. పరీక్షించడానికి మాత్రం కాల్ చేయొద్దు. జేబులో ఉండగా పొరపాటున కాల్ పోతే కట్ చేయకుండా "పొరపాటున నొక్కాను, ఇక్కడ అంతా బాగానే ఉంది" అని చెప్పండి. కట్ చేస్తే ఏమైందోనని వాళ్లు మళ్లీ చేస్తారు.

బండి వచ్చేదాకా ఏం చేయాలన్నదాంట్లో మీకు రెండు దారులున్నాయి. లైట్లన్నీ వేసి, గట్టిగా అరిచి ఇరుగుపొరుగును లేపడం ఒకటి. మోటారు వైరు దొంగల్లాంటి వాళ్లు చాలావరకు దీనికే పారిపోతారు. కాకపోతే దొరకరు. నిశ్శబ్దంగా లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుని ఫోన్‌లో మెల్లగా మాట్లాడటం రెండోది. తలుపు అప్పటికే తెరుచుకుని వాళ్లు లోపలికి వస్తే ఇదే మేలు. ముగ్గురు ఆడవాళ్లే ఉన్న ఇంట్లో నా ఓటు మొదటిదానికి, తలుపు గట్టిగా ఉన్నంతసేపు. మీరు 112తో మాట్లాడుతుండగా అత్తగారు పక్కింటివాళ్లకు ఫోన్ చేయాలి. పక్కింటివాళ్లు పోలీసుల కంటే ముందు చేరతారు, నిజమే. కానీ ముందు వాళ్లను పిలిచి, వాళ్లు వచ్చి చూశాక పోలీసులకు చెబుదామంటే దొంగ మూడు ఊళ్లు దాటిపోతాడు. కర్ర పట్టుకుని పెరట్లోకి మాత్రం వెళ్లొద్దు. ఎవరన్నా దొరికినా వీధి జనం చేత కొట్టించొద్దు. దొంగ మీద పడిన దెబ్బలకు కేసు ఊళ్లోవాళ్ల మీద పడుతుంది. వాళ్లు వెళ్లాక గడియను, గోడ మీది మట్టిని ముట్టుకోకండి. కోసిన వైరు ముక్క ఉంటే అక్కడే ఉండనివ్వండి.

స్కూటీ సంగతికి వద్దాం. కానిస్టేబుల్ విసుక్కోకుండా చెప్పాల్సింది. అయినా ఆయన మాటలో అసలు విషయం ఉంది. మీ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లకు కలిపి తిరిగే బండి ఒకటే కావచ్చు. అది మీ వాకిట్లో ఉండగా హైవే మీద ప్రమాదం జరిగితే అక్కడికి ఆలస్యమవుతుంది. స్కూటీ ఎప్పుడు పోయిందో తెలియనప్పుడు వెతకాల్సిన దిక్కూ తెలియదు. అదే మీ కళ్లముందే ఎవడో స్టార్ట్ చేసుకుని పోతుంటే 112. రంగు, నంబరు, ఏ వైపు పోయాడో చెప్పగలిగితే ముందు ఊళ్లలో గస్తీవాళ్లకు వెంటనే కబురు వెళ్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. 112కు చెప్పడం ఫిర్యాదు ఇచ్చినట్టు కాదు. అది మనుషుల్ని రప్పించే పిలుపు. కేసు కట్టాలంటే స్టేషన్‌లో మీ మాట నమోదు కావాలి. మీరు రాసిన కాగితం తీసుకెళ్లినా, నోటితో చెప్పినా రాసుకుని మీకు చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఇదే. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. "అది మా పరిధి కాదు" అన్న మాటకు కూడా ఈ చట్టంలో చోటు లేదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసుకుని తర్వాత అసలు స్టేషన్‌కు పంపాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

స్కూటీకి ఆర్‌సీ, బీమా కాపీలు, రెండు తాళం చెవులు తీసుకెళ్లండి. బీమా కంపెనీకి ఆ రోజే చెప్పాలి. రెండు చెవులూ చూపకపోతే వాళ్లు తిరకాసు పెడతారు. బండి దొరకలేదన్న తుది రిపోర్టు పోలీసుల నుంచి వచ్చేదాకా క్లెయిమ్ తేలదు, నెలలు పట్టొచ్చు. బీమా లేకపోయినా ఎఫ్‌ఐఆర్ వదులుకోవద్దు. ఆ బండి మీద ఎవడైనా మెడలో గొలుసు తెంపుకెళ్తే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. పోయిన తేదీతో ఫిర్యాదు ఉంటే మీకు చిక్కు ఉండదు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. నెల్లూరులో ఎస్పీ కార్యాలయంలో సోమవారాలు జరిగే అర్జీల కార్యక్రమానికి నేరుగా వెళ్లినవాళ్ల కాగితం తొందరగా కదులుతుంది, కానీ ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ పోతాయి.

పొలం గట్టు తగాదాలు, అప్పు ఎగ్గొట్టినవాళ్లు, పోయిన సర్టిఫికెట్లు, ఇవన్నీ పగటిపూట కాగితం పనులే. గట్టు తగాదా తహసీల్దారు, సర్వేయరు చూడాల్సింది. అవతలివాడు గడ్డపార ఎత్తిన క్షణంలో మాత్రం అది 112 అవుతుంది.

మీరు అడగలేదు గానీ, మీ ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొచ్చే నంబరు ఇంకొకటి ఉంది, 1930. ఫోన్‌లో మోసపోయి ఖాతాలో డబ్బు పోయినప్పుడు 112 బండి వచ్చి చేయగలిగేది ఏమీ ఉండదు, స్టేషన్ తెరిచేదాకా ఆగితే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. మోసం తెలిసిన నిమిషంలోనే 1930కు చేయాలి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఏ టైముకు, మెసేజ్‌లో వచ్చిన లావాదేవీ నంబరు, ఇవి చేతిలో పెట్టుకోండి. వాళ్లు ఆ డబ్బు చేరిన బ్యాంకుకు ఆపమని పంపుతారు. అక్కడి నుంచి తీసేయకముందే పట్టుకుంటే ఆగుతుంది. ఆ తర్వాత బ్యాంకుకు, స్టేషన్‌కు. ఇక మీ ఊరు హైవే పక్కన కాబట్టి ఒక మాట. ప్రమాదం చూసి 108కో 112కో చెప్పినవాళ్లు పేరు చెప్పి తీరాలన్న నిబంధన లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లను కాపాడుతుంది.

కేసు మీ మీదికి వస్తుందా అన్న భయానికి జవాబు. చప్పుడు విని పిలిచారు, వచ్చి చూస్తే పిల్లి. అది నేరం కాదు. భారతీయ న్యాయ సంహితలో 217వ సెక్షన్ ఉన్నది అబద్ధమని తెలిసీ ఒకరికి కీడు చేయించాలని పోలీసులకు చెప్పేవాళ్ల కోసం. దానికి ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా పడొచ్చు. నిజంగా భయపడి చేసిన ఫోన్ దీని కిందికి రాదు. పోలీసు బండి వాకిట్లో ఆగితే పరువు పోతుందన్న అత్తగారి మాటను తీసిపారేయను. పల్లెలో ఆ బాధ ఉంటుంది. ఆమెతో ఒక ఏర్పాటు చేసుకోండి. మిమ్మల్ని చూడటానికి బండి వచ్చినా వీధి చివర ఆపమని, సైరన్ వేయొద్దని 112లోనే అడగొచ్చు. అన్నిసార్లూ వింటారని కాదు, కానీ అడిగితే బండిలోవాళ్లకు చేరుతుంది.

ఎదురింటి అమ్మాయి సంగతి చివరికి పెట్టుకున్నాను, తేలిగ్గా చెప్పేది కాదు కాబట్టి. ఆ రాత్రి మీరు పిలిచి ఉండాల్సింది. ఇప్పుడు జరుగుతోంది, దెబ్బ తగులుతోంది, చేసేవాడు అక్కడే ఉన్నాడు. మూడు ప్రశ్నలకూ అవునే. మొగుడూ పెళ్లాలని మినహాయింపు ఎక్కడా లేదు. గృహహింస నుంచి మహిళల రక్షణకు 2005లో వచ్చిన చట్టం, హింస జరుగుతోందని నమ్మి మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని 4వ సెక్షన్‌లో రాసింది. 112లో "నేను చెప్పానని అక్కడ అనొద్దు" అని అడగండి. మీ నంబరు వాళ్ల దగ్గర నమోదవుతుంది, ఆ ఇంటికి వెళ్లినవాళ్లు వీధిలోంచి కాల్ వచ్చిందని చెబితే సరిపోతుంది. అయినా నాలుగే ఇళ్లున్న వరసలో అతను మిమ్మల్ని అనుమానించవచ్చు. అది ఎంతవరకు తట్టుకోగలరో మీరే చూసుకోవాలి. మీకు తోడుగా మరో ఇంటివాళ్లు కూడా అదే రాత్రి ఫోన్ చేస్తే అనుమానం ఒక్కరి మీద నిలవదు.

పోలీసులు వస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. కొట్టడం ఆగుతుంది. అతన్ని ఆ పూటకు స్టేషన్‌కు తీసుకుపోవచ్చు, మందలించి వదిలేయవచ్చు. ఆ అమ్మాయే "ఏమీ లేదు సార్" అనవచ్చు. భర్త వేధింపుల కేసు, అంటే ఇప్పటి న్యాయ సంహిత 85వ సెక్షన్, ఆమె గానీ ఆమె బంధువులు గానీ ఫిర్యాదు ఇస్తేనే పోలీసులు నేరుగా కడతారు. పొరుగువాళ్ల ఫోన్‌తో ఆ రాత్రి ఆమె ప్రాణం నిలబడుతుంది. ఆ కేసు మాత్రం ఆమె నోటి నుంచో పుట్టింటివాళ్ల నుంచో రావాలి.

ఇప్పటికీ సమయం మించిపోలేదు. ఎముక విరగడం చట్టంలో తీవ్రగాయం. ఆసుపత్రిలో ఆమె ఏం చెప్పి చేరిందో అడగండి. కొట్టాడని చెప్పి ఉంటే డాక్టరు దాన్ని పోలీసు కేసుగా రాసి స్టేషన్‌కు కబురు పంపి ఉంటారు. బావి దగ్గర జారిపడ్డానని చెప్పి ఉంటే కాగితం మీద అదే ఉంటుంది, తర్వాత మార్చుకోవడం కష్టం. అతను లేని పూట చూసి, ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. కేసు పెట్టమని ఒత్తిడి చేయొద్దు. 181 నంబరు చెప్పండి, అది మహిళల హెల్ప్‌లైను. నెల్లూరులో ఆడవాళ్ల కోసం సఖి కేంద్రం ఉందని, అక్కడ ఉండటానికి చోటు, వకీలు సలహా, వైద్యం ఒకేచోట దొరుకుతాయని చెప్పండి. ఎక్స్‌రే, ఆసుపత్రి చీటీలు భర్త చేతికి అందని చోట ఉంచుకోమనండి. పుట్టింటికిచ్చినా సరే, మీ బీరువాలో పెట్టినా సరే. మళ్లీ అరుపులు వినిపించిన రాత్రి మీరు 112 కొడతారని ముందే ఆమెకు చెప్పి ఉంచండి.